పిలగాడు అయితడా... కాడా?

మా పటాన్‌చెరులో ఆదివారం పొద్దున ఖాళీ జాగా దొరకడం కష్టం. మైత్రి మైదానం సరే... కంపెనీల ప్రహరీల పక్కన, ఇళ్లింకా లేవని వెంచర్లలో, నీళ్లు తగ్గిన చెరువు శిఖంలో కూడా మూడు కర్రలు పాతేసి ఉంటాయి. రాత్రి షిఫ్టు దిగి నిద్రకళ్లతో వచ్చిన బీహార్, ఒడిశా కుర్రాళ్లది ఒక జట్టు. ఇస్నాపూర్ ఆటోవాళ్లది ఇంకొకటి. పందెం ఓ కూల్‌డ్రింకు కేసు. ఇంతమంది ఆడేచోట ఎవరో ఒక పిల్లాణ్ని వేలెత్తి చూపించి ‘వీడు వేరే’ అన్నారనుకోండి. మైదానంలో అదో చిన్న మాట. ఆ పిల్లాడి ఇంట్లో మాత్రం ఆ రోజు నుంచి నిద్ర ఉండదు.

మా అక్క కొడుకు విషయంలో ఆ మాట పోయిన ఏడాది వచ్చింది.

వాడికి పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి. స్కూళ్ల మధ్య జరిగిన ఒక మ్యాచ్‌లో 143 పరుగులు కొట్టాడు. ఎవరో సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో చేతులు మారింది. వారం తిరక్కుండా బావకు ఫోన్లు. ఒక అకాడమీ ఫీజు సగం తగ్గిస్తానంది. ఇంకో అకాడమీ అసలు ఫీజే వద్దు, కిట్టు కూడా మేమే ఇస్తాం, కాకపోతే బడి మార్పించి మేం చెప్పిన చోట చేర్చాలంది. ఆ బడిలో మధ్యాహ్నం తర్వాత క్లాసులుండవట! మూడో ఆయన నేరుగా ఇంటికే వచ్చాడు. లీగ్ జట్టులో పేరు రాయిస్తానన్నాడు, ‘ఖర్చులు’ మాత్రం మీరు చూసుకోవాలన్నాడు. ఆ ఖర్చులేమిటో టీ తాగడం అయిపోయినా చెప్పలేదు.

మా బావ పాశమైలారంలో ఒక కంపెనీలో పందొమ్మిదేళ్లుగా మెషిన్ ఆపరేటరు. తనను వెతుక్కుంటూ ఇంతమంది రావడం ఆయన జీవితంలో అదే మొదలు. మనిషి నడకే మారింది. రుద్రారం వైపు వంద గజాల ప్లాటుంది, కూతురి పెళ్లికని కొన్నది. దాన్ని అమ్మేసి లింగంపల్లిలో అద్దెకు దిగుదామంటాడాయన. కదిలేది లేదంటుంది అక్క. మధ్యలో నేను.

“బామ్మర్దీ, నువ్వు పేపరోనివి. నలుగురు పెద్దమనుషులు ఎరుకే నీకు. ఒక్క ముచ్చట కనుక్కొని చెప్పు. పిలగాడు అయితడా, కాడా?”

ఆ ‘ఒక్క ముచ్చట’ కనుక్కోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

బావ లింగంపల్లి పేరు ఊరికే ఎత్తలేదు. మా ఊరి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. తిలక్ వర్మ ఆట నేర్చుకున్నది అక్కడే. వాళ్ల నాన్న నంబూరి నాగరాజు ఎలక్ట్రీషియన్. ఇల్లు చాంద్రాయణగుట్ట వైపు. బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతున్న ఆ పిల్లాణ్ని కోచ్ సలాం బయాష్ చూశారు. అప్పటికి వాడికి పదకొండేళ్లు. అకాడమీ ఏమో నగరం ఈ కొసన, ఇల్లు ఆ కొసన. దాదాపు నలభై కిలోమీటర్లు. పిల్లాడు అంతదూరం ఎలా వస్తాడని, కోచే తన బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చేవారు. తర్వాత ఆ కుటుంబమే అకాడమీకి దగ్గరగా మారింది. 2022 వేలంలో ఇరవై లక్షల కనీస ధరతో మొదలై, జట్లు పోటీపడితే, 1.70 కోట్లకు ముంబయి ఇండియన్స్‌కు వెళ్లాడు. మొదటి సీజన్లోనే 397 పరుగులు. 2023 ఆగస్టులో భారత జట్టు. 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, పాకిస్థాన్ మీద 147 కొట్టాలి, మనవాళ్లు 20కి మూడు వికెట్లు. అక్కణ్నుంచి 69 నాటౌట్.

ఆ రాత్రి మా బావ కాలనీ అందరికీ మిఠాయి పంచాడు. తిలక్ తన మేనల్లుడన్నంత సంబరం!

మా ఇళ్లలో ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ కోటీ డెబ్బయి లక్షల దగ్గర మొదలుపెడతారు. నాకేమో ఆ బండి దగ్గర ఆగాలనిపిస్తుంది. ఆ కోచ్ పిల్లాడి గురించి ఏ కాగితం మీదా ‘వీడు గొప్పవాడవుతాడు’ అని రాసివ్వలేదు. పెట్రోలు పోయించాడు, అంతే. ఆయన వేసిన అంచనా అదీ. ఫోన్లు చేసిన ముగ్గురిలో ఎవరైనా మావాడి కోసం నాలుగు రోజులు పెట్రోలు పోయిస్తారా అని బావను అడిగాను. “కిట్ ఇస్తమన్నరు గద” అన్నాడు.

ఇంకో కథ కూడా మన రాష్ట్రానిదే. దాన్ని మాత్రం ఎవరూ మిఠాయితో చెప్పరు. 2002లో అంబటి రాయుడికి పదహారు, పదిహేడేళ్లు. ఇంగ్లండ్‌లో అండర్-19 వన్డేలో 177 నాటౌట్. అదే ఏడాది నవంబరులో రంజీ మ్యాచ్‌లో ఆంధ్ర మీద ఒక ఇన్నింగ్స్‌లో 210, రెండో దాంట్లో 159 నాటౌట్. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో కెప్టెన్. అప్పటి పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది, ఆ కుర్రాడి భవిష్యత్తు మీద ఒక్కరికీ అనుమానం లేదు. ఏడాదిలో టీమిండియాకు ఆడతాడనే అందరి మాట. ఆడాడు... 2013 జులైలో! మధ్యలో రాష్ట్రం మారాడు, మళ్లీ వచ్చాడు, ఐసీఎల్‌కు వెళ్లి నిషేధం పడి, క్షమాభిక్ష మీద తిరిగొచ్చాడు. ఇరవయ్యేడేళ్లప్పుడు మొదటి వన్డేలో 63 నాటౌట్. మొత్తం 55 వన్డేలు, సగటు 47 పైన. టెస్టు ఒక్కటీ లేదు. ఐపీఎల్ కప్పులు గెలిచిన జట్లలో ఆరుసార్లు ఉన్నాడు. ఇంతకీ ఆ 2002 అంచనా తప్పా, ఒప్పా? నన్నడిగితే బ్యాటింగ్ మీద వేసిన అంచనా నూటికి నూరు పాళ్లు ఒప్పు. మధ్యలో పోయిన పదేళ్లను మాత్రం ఎవరూ అంచనాలో వేసుకోలేదు.

డల్లాస్‌లో ఉంటున్న నా డిగ్రీ స్నేహితుడికి ఫోన్‌లో ఇదంతా చెబితే నవ్వాడు. “మా వీధిలోకి రా, రోజూ ఇదే గోల” అన్నాడు. అక్కడి హైస్కూళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. టెక్సాస్‌లోనయితే శుక్రవారం రాత్రి బడి పిల్లల ఆట చూడ్డానికి ఊరు ఊరంతా కదులుతుందట. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి మొదట వాడి చేతికే వస్తుంది. ఎదుటి జట్టులో కొండల్లాంటి వాళ్లు మీదికొస్తుంటే, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. మన కబడ్డీ రైడరు ధైర్యం, క్రికెట్ కెప్టెన్ బుర్ర రెండూ ఒకడిలో ఉండాలన్నమాట. అలాంటి పిల్లాడు పదో తరగతిలో కనిపిస్తే చాలు, కాలేజీలు ఎగబడతాయి. ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు వేసి మార్కులిచ్చే సంస్థలే ఉన్నాయి. అయిదు చుక్కల పిల్లాడి ఇంటికి కోచ్‌లు స్వయంగా వస్తారు. మా అక్క ఇంటికి ఆ ‘ఖర్చుల’ మనిషి వచ్చినట్టే!

అంత కొలిచే దేశంలో ఏం జరిగిందో చూడండి. టామ్ బ్రేడీ అని ఒకాయన. 2000 సంవత్సరంలో కాలేజీ నుంచి ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు ఆయన పేరు 199వ నంబరు దగ్గర వచ్చింది. అప్పటికే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసేసుకున్నారు. నలభై గజాల పరుగు ఆయనకు 5.28 సెకన్లు పట్టింది. ఆ ఆటలో అది నత్తనడక. ఆ నత్తే 2023లో రిటైరయ్యేలోపు ఏడు సూపర్ బౌల్‌లు గెలిచింది. ఇంకోవైపు 2007లో అందరికంటే ముందు, మొదటి నంబరుగా ఎంపికైన జమార్కస్ రసెల్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను మూడేళ్లకే జట్టు వదిలించుకుంది. భుజబలంలో ఆయనకు సాటి లేరన్నారు అప్పట్లో.

ఇది విని కొలతలన్నీ దండగ అనుకోకండి. మన హకీంపేట క్రీడా పాఠశాలకు చిన్నపిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు ఎత్తు, బరువు చూస్తారు, ముప్పయి మీటర్ల పరుగు, నిల్చున్నచోటు నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, ఎనిమిది వందల మీటర్ల పరుగు పెట్టిస్తారు. అవి అవసరమే. చేత్తో పట్టుకుని చూడదగినవి అవే కదా. ఇబ్బందల్లా ఎక్కడంటే, పద్నాలుగేళ్ల వయసులో ఆ కొలతలు ఆటను ఎంత చెబుతాయో, పుట్టిన తేదీని అంతకంటే ఎక్కువ చెబుతాయి.

ఈ సంగతి నాకు బోధపరిచింది బీహెచ్‌ఈఎల్ దగ్గర ఉండే ఒక పెద్దసార్. ఉద్యోగం చేస్తూ లీగ్ క్రికెట్ ఆడారు. రిటైరయ్యాక పిల్లలకు నేర్పుతున్నారు. డెబ్బయికి దగ్గర పడ్డారు, ఇప్పటికీ తెల్ల క్యాన్వాస్ బూట్లే. వీడియో చూపించబోతే ఫోన్ పక్కన పెట్టేశారు.

“మూడు ఆదివారాలు తీసుకురా. తండ్రిని తేవద్దు.”

మొదటి ఆదివారం మావాడికి బ్యాటే ఇవ్వలేదు! రెండు గంటలు కవర్స్‌లో నిలబెట్టారు. వాడి మొహం చూడాలి. చివర్లో పిలిచి, “ఆ ఎడంచేతి కుర్రాడు ఎన్నోసారి వేసినప్పుడు కీపరు వెనక్కి జరిగాడు?” అని అడిగారు. వాడు కాస్త ఆలోచించి, “మూడో ఓవర్ల సార్. ఒకటి ఎగిరింది కదా, అందుకే” అన్నాడు. పెద్దసార్ ఏమీ అనలేదు కానీ జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. ఆ రోజు వాడు రెండు క్యాచ్‌లు పట్టాడు, వాటిని రాసుకోలేదు.

రెండో ఆదివారం పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను పెట్టి కొత్త బంతితో వేయించారు. మావాడి ఫ్రంట్‌ఫుట్ డ్రైవ్ చూసి పక్క నెట్‌లో వాళ్లు ఆగారు. నాకు గర్వంగానే అనిపించింది. తర్వాత ఆయన బౌలర్ చెవిలో ఏదో చెప్పారు. బంతి ఛాతీ ఎత్తుకు రావడం మొదలైంది. ఒకటి భుజానికి, ఒకటి చేతివేళ్లకు. ప్రతిసారీ వాడి తల పక్కకు తిరిగిపోతోంది, కళ్లు బంతి మీద లేవు. స్కూలు మ్యాచ్‌లో 143 కొట్టినప్పుడు వాడి ఛాతీ దాకా బంతి లేపగలిగినవాడు ఎదుటి జట్టులో ఒక్కడూ లేడు. వాడికన్నా అందరూ చిన్నగా ఉన్నారు కూడా. వేళ్లు నొప్పెడుతుంటే బయటికొచ్చి నీళ్లు తాగాడు. నేను ఇంక చాలనుకున్నాను. వాడే గ్లౌజులు వేసుకుని మళ్లీ లోపలికెళ్లాడు. మళ్లీ దెబ్బే తగిలింది. అప్పుడు కూడా పెద్దసార్ రాసుకున్నారు.

మూడో ఆదివారం అక్కాబావల్ని రమ్మన్నారు. ముందు వాళ్లిద్దరి ఎత్తు చూశారు. అక్క అయిదడుగులు, బావ అయిదున్నర లోపే. పిల్లాడు అప్పటికే బావ చెవి దాటాడు, పెదవి మీద నూనూగు మీసం. పుట్టిన తేదీ అడిగారు. సెప్టెంబరు రెండో వారం.

“అదీ సంగతి” అన్నారు.

క్రికెట్ బోర్డు వయసు లెక్క సెప్టెంబరు ఒకటితో మొదలవుతుంది. అంటే సెప్టెంబరులో పుట్టినవాడు తన గ్రూపులో అందరికంటే పెద్ద. ఆగస్టులో పుట్టినవాడు దాదాపు ఏడాది చిన్న. ఇరవై అయిదేళ్ల వయసులో ఆ ఏడాది లెక్కలోకే రాదు. పద్నాలుగేళ్లప్పుడు అది మూడు నాలుగు అంగుళాలు, పది కిలోలు కావచ్చు. పెద్దగా ఉన్నవాడు ఎక్కువ కొడతాడు, ఎక్కువ కొట్టినవాడు ఎంపికవుతాడు, ఎంపికైనవాడికి మంచి కోచింగ్ దొరుకుతుంది. కెనడాలో ఐస్ హాకీ ఆడే పిల్లల పుట్టిన నెలలు చూసి 1980ల్లోనే ఈ సంగతి పట్టుకున్నారు. మన బోర్డు 2012 నుంచి అండర్-16 కుర్రాళ్ల ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తోంది. అది తేదీలు మార్చేవాళ్లను పట్టుకోవడానికి. ఎముకలు త్వరగా ముదిరిన పిల్లాడు ఏ తప్పూ చేయకుండానే అందులో ఇరుక్కునే అవకాశమూ ఉంది.

“మీవాడు ముందు పెరిగాడమ్మా. మిగతావాళ్లు రెండేళ్లలో వచ్చి కలుస్తారు. అప్పుడు కూడా ఇంతే కొడితే అది ఆట. ఇప్పుడు కొట్టినదాంట్లో ఆట ఎంతో, ఎత్తు ఎంతో నాకే తెలీదు, ఆ ఫోన్లు చేసినవాళ్లకేం తెలుస్తుంది?”

మా ఊళ్లో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, కంది, శనగ, వేరుశనగల మీద పనిచేస్తారు. అక్కడ ఒక కొత్త వంగడం బాగా కాసిందనుకోండి, మర్నాడే రైతు చేతిలో పెట్టరు. వేర్వేరు నేలల్లో, వేర్వేరు చోట్ల, కొన్ని సీజన్ల పాటు వేసి చూస్తారు. వాన ఎక్కువైన ఏడాది ఏమైంది, తక్కువైన ఏడాది ఏమైంది, తెగులు తట్టుకుందా... ఇవన్నీ అయ్యాకే విడుదల. గింజకే ఇంత ఓపిక ఉన్న ఊళ్లో, ఒక్క ఇన్నింగ్స్ చూసి పిల్లాడి బడి మార్పించాలంటున్నారు. ఎదగడానికి వాడికి ఒక్కటే సీజన్ కదా అంటారేమో! నిజమే, అందుకే భయం కూడా.

2016 జనవరిలో ముంబయి దగ్గర కల్యాణ్‌లో ప్రణవ్ ధనావ్‌డే అనే పదిహేనేళ్ల ఆటో డ్రైవర్ కొడుకు స్కూలు మ్యాచ్‌లో 1,009 నాటౌట్ కొట్టాడు. ప్రపంచ రికార్డు. ముంబయి సంఘం నెలకు పదివేలు అయిదేళ్లు ఇస్తామంది. ఏడాదిన్నరకే, ఆట తగ్గింది, ఆ డబ్బు ఆపేయండని తండ్రే లేఖ రాశాడు. వెయ్యి పరుగుల కంటే ఆ లేఖ రాయడం కష్టం. ఇక వైభవ్ సూర్యవంశీ ఉన్నాడుగా అంటారు. పదమూడేళ్లకే 1.10 కోట్లు, 2025 ఏప్రిల్‌లో పద్నాలుగేళ్లకు 35 బంతుల్లో ఐపీఎల్ సెంచరీ. అలాంటివాణ్ని గుర్తించడానికి పెద్దసార్ అక్కర్లేదు, బస్టాండులో వేరుశనక్కాయలమ్మే ఆయన కూడా చెబుతాడు. చూడ్డం వచ్చినవాళ్ల అవసరం మావాడిలాంటి వాళ్లకే.

అక్క అప్పటిదాకా నోరు విప్పలేదు. లేచే ముందు అడిగింది.

“సార్, మావోడు ఆటల కాకపోతే ఏమైతడు?”

పెద్దసార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నేను చూసిన మంచి కుర్రాళ్లలో చాలామంది ఏమీ కాలేదమ్మా. ఒకడు రైల్వేలో ఉన్నాడు, స్పోర్ట్స్ కోటా. ఇద్దరు బ్యాంకుల్లో. ఒకడు లింగంపల్లిలో టిఫిన్ సెంటర్ పెట్టాడు, బానే నడుస్తోంది. తిప్పలు పడ్డవాళ్లంటే, ఆటకోసం తొమ్మిదిలో పదిలో చదువాపినవాళ్లే. వాళ్లు నన్ను చూస్తే పక్క రోడ్డు పడతారు.”

తిరుగు ప్రయాణంలో బావ రామచంద్రాపురం దాటేదాకా మాట్లాడలేదు.

“కాడన్నడా?”

“అనలేదు బావా.”

“మరి అయితడన్నడా?”

“అదీ అనలేదు.”

“గంతసేపు మరేమన్నడు?”

ఏమన్నారంటే... బడి మార్చొద్దు. ప్లాటు ముట్టుకోవద్దు. వారానికి మూడు రోజులు నా దగ్గరికి పంపండి, మీకు తోచింది ఇవ్వండి. చూపు ఉంది, దెబ్బ తగిలాక మళ్లీ వెళ్లే గుణం ఉంది, ఈ రెండూ నేను నేర్పలేనివి. తల తిప్పడం మాన్పించొచ్చు, మానితేనే ముందుకు. పదో తరగతి అయ్యాక మళ్లీ మాట్లాడదాం.

నా మట్టుకు నాకు పద్నాలుగేళ్ల పిల్లాడి మీద ఇంతకంటే నిజాయితీగా వేసిన అంచనా దొరకలేదు. ‘వీడు ఖాయం’ అని చెప్పేవాడు ఏదో ఒకటి అమ్ముతున్నాడనే నా అనుమానం. కానీ బావ బాధా చిన్నది కాదు. తనను వెతుక్కుంటూ వచ్చినవాళ్లను ఆయన వద్దనుకోవాలి. పది రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ ‘ఖర్చుల’ మనిషి మళ్లీ ఫోన్ చేసినప్పుడు మాత్రం, “పది పరీక్షలు అయినంక జూద్దం సార్” అన్నాడట. అక్క చెప్పింది.

మేనల్లుడు నన్నొక్కటే అడిగాడు. “మామా, తల ఎందుకు తిరుగుతదో సార్ చెప్పిండా?” బంతిని నీళ్లలో ముంచి సిమెంటు మీద వేస్తే సర్రున లేచి వస్తుందనీ, టెన్నిస్ బంతి కాబట్టి తగిలినా నొప్పుండదనీ, కళ్లు మూయకుండా చూడ్డం అలాగే అలవాటవుతుందనీ పెద్దసార్ చెప్పిందే చెప్పాను.

ఇప్పుడు వాళ్ల డాబా మీద బకెట్టులో ఆరు టెన్నిస్ బంతులు నానుతుంటాయి. పిట్టగోడంతా తడి మచ్చలే. కిందింటివాళ్లు అడిగితే అక్కే సర్దిచెబుతోంది. బావకు ఎ షిఫ్టు ఉన్న వారం సాయంత్రం అయిదింటికి మొదలవుతుంది. ఆయన పద్దెనిమిది అడుగుల దూరం నుంచి విసురుతాడు, అరవై బంతులు. ఎన్నిసార్లు తల తిరిగిందో చెల్లెలు లెక్కపెట్టి క్యాలెండర్ వెనక రాస్తుంది. ఆ పిల్ల అన్న మొహమాటం పెట్టుకోదు, రాయాల్సిందే రాస్తుంది. మొదటి రోజు అరవైకి నలభై ఒకటి. మొన్న శుక్రవారం పందొమ్మిది.